సముద్రం దగ్గర ఇంటికి గ్లాస్ రెయిలింగ్: రంగు సంగతి ఆఖర్న

మీరు అడిగింది ఇదీ: శ్రీకాకుళం జిల్లా గార దగ్గర, సముద్రానికి మూడు కిలోమీటర్ల లోపు మేడ కడుతున్నారు. పై అంతస్తు బాల్కనీకి 20 అడుగుల గ్లాస్ రెయిలింగ్, లోపల మెట్లకు ఇంకొకటి కావాలి. షాపులో రోజ్ గోల్డ్ శాంపిల్ చూపించి, "304 మెటీరియలేనండి, పదేళ్లు దాని మొహం చూడక్కర్లేదు" అన్నారు. ఇంట్లోవాళ్లకేమో నలుపు మ్యాట్ నచ్చింది. రెండిట్లో ఏది వేయించాలి?

బాల్కనీకి రెండూ వద్దు. అక్కడ 316 గ్రేడ్ స్టీలు వేయించండి (202, 304, 316 అనేవి స్టెయిన్‌లెస్ స్టీలు రకాల నంబర్లు). పైన ఏ రంగూ లేకుండా, మిర్రర్ పాలిష్‌లో గానీ మెరుపు తక్కువ ఉండే సన్నగీత శాటిన్‌లో గానీ. లోపలి మెట్లకు మాత్రం రోజ్ గోల్డ్ అయినా నలుపు అయినా మీ ఇష్టం, 304 సరిపోతుంది. ఎందుకో చెబుతాను. ఇది తెలియకపోతే షాపులో రెండో మాటకే మీ మనసు మార్చేస్తారు.

ఫినిష్ అంటే రంగు అనుకుంటాం. నిజానికి అందులో మూడు సంగతులు ఉన్నాయి: లోపల ఏ లోహం, దాని పైభాగం ఎంత నున్నన, ఆ మీద ఏం పూత. మన దగ్గర అందరూ మూడోదాన్ని ముందు ఎంచుకుంటారు. షాపులో ఏసీ గదిలో శాంపిల్ బోర్డు మీద 202, 304, 316 మూడూ ఒకేలా మెరుస్తాయి మరి. తేడా ఉప్పుగాలి తగిలాకే బయటపడుతుంది.

స్టెయిన్‌లెస్ స్టీలు తుప్పు పట్టకపోవడానికి కారణం అందులోని క్రోమియం. గాలి తగలగానే పైన కంటికి కనబడనంత పల్చటి క్రోమియం ఆక్సైడ్ పొర కడుతుంది. గీత పడితే మళ్లీ తనంతట తానే కట్టుకుంటుంది. ఆ పొరకు శత్రువు ఉప్పులో ఉండే క్లోరైడ్. సముద్రపు తుంపర గాలిలో ఆరి, సన్నని ఉప్పుగా లోహం మీద కూర్చుంటుంది. రాత్రి మంచుకు అదే తడిసి చిక్కటి ఉప్పునీరవుతుంది. అక్కడ పొర చిల్లుపడి, గోధుమరంగు మరక మొదలవుతుంది. టీ ఒలికినట్టు ఉంటుందని దాన్ని టీ స్టెయిన్ అంటారు. 304లో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 316లో వీటితోపాటు 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది. క్లోరైడ్‌ను ఆపే పని చేసేది ఆ మాలిబ్డినమే. 202లో నికెల్ తగ్గించి మాంగనీస్ పెంచుతారు, అందుకే చవక. లోపల కిటికీ గ్రిల్లుకు పనికొస్తుందేమో గానీ మీ బాల్కనీకి ఊరికే ఇచ్చినా తీసుకోకండి.

ఈ మరక ఎక్కువగా వచ్చేది అలలు విరిగే చోటు నుంచి 5 కిలోమీటర్ల లోపు. గాలి నేరుగా కొట్టే ఎత్తయిన చోట్ల 20 కిలోమీటర్ల దాకా కూడా వస్తుంది. కళింగపట్నం, బారువ, భావనపాడు, భోగాపురం తీరం, నౌపడా ఉప్పుమళ్ల చుట్టుపక్కల ఊళ్లు, మీ గార, ఇవన్నీ మొదటి లెక్కలోకే వస్తాయి. బొబ్బిలిలోనో రాజాంలోనో కడుతుంటే బయట కూడా 304 చాలనేవాణ్ణి. సరిగ్గా ఇసుక ఒడ్డునే, ఇంటికీ అలకూ మధ్య ఇంకో గోడ లేని చోటయితే 316కి కూడా తరచూ కడుగుడు తప్పదు. అలాంటి చోట గాజును కింద పట్టుకునే స్పిగాట్లు ఉప్పును ఇంకా బాగా తట్టుకునే డ్యూప్లెక్స్ 2205 గ్రేడ్‌లో దొరుకుతాయి. ముందే ఆర్డరు పెట్టి తెప్పించుకోవాలి, ఖరీదూ ఎక్కువే.

ఇక నునుపు సంగతి. అందరూ తేలిగ్గా తీసుకునేది ఇదే. ఒకే 316 పైపును ముతక బెల్టుతో గీత తీస్తే ఒకలా, సన్నటి బెల్టుతో తీస్తే ఇంకోలా నిలబడుతుంది. ముతక గీతల లోయల్లో ఉప్పు, దుమ్ము ఇరుక్కుని వానకు కూడా పోవు. సముద్రం దగ్గర పైభాగం గరుకుదనం 0.5 మైక్రాన్ (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోపు ఉండాలి. శాటిన్ కావాలంటే కనీసం 320 గ్రిట్ ఫినిష్ (గ్రిట్ సంఖ్య పెరిగే కొద్దీ బెల్టు సన్నన) అని చెప్పి చేయించండి. కొలిచే మిషను మీ దగ్గర ఉండదు కాబట్టి పైపు మీద గీతలకు అడ్డంగా గోరు పెట్టి లాగండి. గర్రుమని శబ్దం వచ్చి గోరు తట్టుకుంటూ పోతే అది బయటికి పనికిరాదు. పాత మెత్తటి బట్టతో తుడిచి చూడండి. పోగులు చిక్కుకుంటే అదీ ముతకే.

మిర్రర్ పాలిష్‌కు ఉప్పు పట్టుకోవడానికి చోటే తక్కువ. మన్నికలో దానిదే పైచేయి. కాకపోతే చేతి ముద్రలు, చిన్న గీతలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, పడమటి ఎండకు కళ్లలోకి కొడుతుంది. శాటిన్ ముద్రల్ని దాచుకుంటుంది. నన్నడిగితే బాల్కనీలో గాజును పట్టే స్టడ్లు మిర్రర్‌లోను, చెయ్యి వేసే పైపు సన్న శాటిన్‌లోను తీసుకోండి. స్టడ్డు రెండంగుళాల బిళ్ల, దాని మీద ఎవరూ చెయ్యి వెయ్యరు. పైపు మీద రోజూ వేస్తారు. రెండూ తెల్ల స్టీలే కాబట్టి కంటికి అతకనట్టు ఉండదు. శాటిన్ గీత నిలువు పిల్లర్ల మీద పై నుంచి కిందికే ఉండేలా చూడండి. వాన నీళ్లు ఉప్పును తీసుకుని ఆ గీతల వెంటే దిగిపోతాయి. గీత అడ్డంగా తిరిగితే ప్రతి గీతా ఒక చిన్న గట్టులా నీళ్లను ఆపుతుంది.

రోజ్ గోల్డ్ గురించి. ఆ రంగు పెయింటు కాదు, పీవీడీ. శూన్యం చేసిన గదిలో టైటానియం, జిర్కోనియం లాంటి లోహాలను ఆవిరి చేసి స్టీలు మీద పట్టిస్తారు. చాలా గట్టి పూత, తాళం చెవితో గీసినా తేలిగ్గా లొంగదు. కానీ మందం ఎంతనుకున్నారు? అలంకారానికి వేసేది చాలాసార్లు ఒక మైక్రాన్ కూడా ఉండదు. తల వెంట్రుక మందం 70 మైక్రాన్ల దాకా ఉంటుంది. అంత పల్చటి పూతలో సూది మొనంత చిల్లులు తప్పవు, ఉప్పు అక్కడి నుంచి కిందికి దిగుతుంది. పీవీడీ రంగునిస్తుంది గానీ, లోపలి స్టీలును కాపాడే గొడుగు కాదు. లోపల 202 ఉంటే సముద్రం దగ్గర రెండు వర్షాకాలాలు గడవకముందే బంగారు రంగు మీద గోధుమ చుక్కలు లేస్తాయి. మామూలు స్టీలు మీద మరక వస్తే రుద్ది పాలిష్ పట్టొచ్చు. పీవీడీ మీద రుద్దితే రంగే పోతుంది, సైటులో మళ్లీ వేసే దారి లేదు.

పీవీడీతో ఇంకో చిక్కు వెల్డింగు. బాల్కనీ మూల తిరిగే చోట పైపును సైటులో వెల్డు చేస్తే ఆ చుట్టూ రంగు కాలిపోతుంది. తర్వాత దాని మీద బంగారు స్ప్రే కొట్టి అప్పజెబుతారు. ఆరు నెలలకు ఆ ముక్క వేరే రంగులోకి తిరుగుతుంది. లోపలి మెట్లకు పీవీడీ వేయిస్తున్నారు కాబట్టి షాపులో ఒకటే ప్రశ్న వేయండి: "జాయింట్లు ఎలా కలుపుతారు?" ముందే అన్ని ముక్కలూ కోసి, వెల్డు చేసి, పాలిష్ పట్టి, ఆ తర్వాత పూతకు పంపిస్తామన్నారా, లేదా ఎల్బోలు, లోపలి స్లీవులు, గమ్ము, తల లేని గ్రబ్ స్క్రూలతో వెల్డు లేకుండా బిగిస్తామన్నారా, మంచిదే. "ఇక్కడే వెల్డు చేసి టచప్ ఇస్తాం" అంటే ఇంకో షాపు చూసుకోండి. పూత గది పొడవును మించిన పైపును అందులో పెట్టలేరు, కాబట్టి పొడవు ముక్కలు ఎక్కడ తెగుతాయో కూడా ముందే గీయించుకోండి. ఒక బ్యాచికీ ఇంకో బ్యాచికీ రంగులో తేడా ఉంటుంది, అన్నీ ఒకే బ్యాచిలో చేయించాలి.

నలుపు మీద మీ ఇంట్లోవాళ్లు గట్టిగా పట్టుబడితే బయట దానికీ ఒక దారి ఉంది. అది స్టీలు కాదు, అల్యూమినియం. కింద గాజును పట్టే బేస్ చానెల్, పైన హ్యాండ్‌రైల్ ప్రొఫైలు, రెండూ అల్యూమినియంలో తీసుకుని పౌడర్ కోటింగ్ చేయించవచ్చు. పూత మందం ఎక్కడా 60 మైక్రాన్లకు తగ్గకూడదు. పౌడరు సూపర్ డ్యూరబుల్ పాలిస్టర్ రకం అడగండి, మామూలు పౌడరు మన ఎండకు రెండు మూడేళ్లలో వెలిసి, చేత్తో రాస్తే సుద్దలా అంటుతుంది. కోయడం, చిల్లులు వేయడం అన్నీ పూతకు ముందే అయిపోవాలి. పూత అయ్యాక వేసిన ప్రతి చిల్లు దగ్గరా ఉప్పు దూరి, పూత కింద వానపాము పాకినట్టు గీతలుగా తెల్లబూజు లేస్తుంది. నలుపు కాక మామూలు అల్యూమినియం రంగే చాలనుకుంటే అనోడైజింగ్ (కరెంటుతో పైన ఆక్సైడ్ పొరను మందంగా పెంచడం) బాగుంటుంది, తీరంలో 25 మైక్రాన్ల మందం అడగాలి.

మైల్డ్ స్టీలు పైపుకు నల్లరంగు వేసి "పౌడర్ కోటింగే" అని అమ్మేది మాత్రం బయట వద్దు. ఒక్క చోట పెచ్చు లేచిందా, అక్కడి నుంచి అంతా తుప్పే. స్టెయిన్‌లెస్ మీద నల్ల పౌడరు కూడా శాండ్ బ్లాస్టింగ్ చేయకపోతే సరిగ్గా పట్టదు, పొరలాగ ఊడి వస్తుంది. ఇంకో మాట, వైశాఖంలో మిట్టమధ్యాహ్నం నల్ల హ్యాండ్‌రైల్ మీద చెయ్యి పెట్టి చూడండి, పిల్లలున్న ఇల్లయితే ఆలోచించుకోవాల్సిందే. నలుపు మీద ఉప్పు తెల్లగా కనిపించడం కూడా ఒక తలనొప్పి.

గ్రేడు ఎలా నమ్మాలి? అయస్కాంతంతో కాదు. 202, 304, 316 మూడింటికీ అయస్కాంతం అంటుకోదు. వంచిన చోట, వెల్డు దగ్గర 304కి కాస్త అంటుకోవచ్చు కూడా. కాబట్టి అయస్కాంతం తెచ్చి "చూడండి, అంటుకోలేదు" అన్నారంటే అది రుజువు కాదు. స్టీలు టెస్టింగ్ లిక్విడ్ అని చిన్న సీసా, 9 వోల్టుల బ్యాటరీతో వస్తుంది. చుక్క వేసి బ్యాటరీ ఆనిస్తే మాంగనీస్ ఎక్కువున్న 202 దగ్గర కొన్ని సెకన్లలో ఎర్రబడుతుంది, 304 దగ్గర అలా ఎర్రబడదు. కానీ అది 304నూ 316నూ విడదీయలేదు, దానికి మాలిబ్డినం టెస్టు చుక్కలు వేరుగా ఉంటాయి. పైపు లోపలి వైపున వేసి చూడండి, పాలిష్ పాడవదు. మొత్తం మీద నమ్మకమైనది ఎక్స్ కిరణాలతో లోహంలో ఏముందో చెప్పే ఎక్స్‌ఆర్‌ఎఫ్ గన్ను, మెటల్ టెస్టింగ్ ల్యాబుల్లో ఉంటుంది. ఒక స్టడ్డు, ఒక అడుగు పైపు ముక్క పట్టుకెళ్తే చాలు.

పైపు 316 అయి, స్క్రూలు పేరులేనివయితే పడిన కష్టమంతా గంగపాలే. స్టడ్డు బిళ్లను తిప్పి తీసి లోపలి బోల్టు చూడండి. బోల్టు తల మీద ఎ4-70 అని చెక్కి ఉంటే అది 316 తరగతి, ఎ2-70 అయితే 304 తరగతి. ఏ గుర్తూ లేక తెల్లగా తళతళలాడుతుంటే జింకు పూసిన ఇనుము అయ్యే అవకాశమే ఎక్కువ. పైపును పట్టి ఉంచే బుల్లి గ్రబ్ స్క్రూల్లో కూడా ఇలాంటివే వస్తాయి. మొదట తుప్పు కారేది వాటి నుంచే, గాజు మీద గోధుమ చారలు పడ్డాక గానీ తెలియదు. జింకు పోతకు క్రోమ్ వేసిన గాజు క్లాంపులు కూడా చూడ్డానికి స్టీలులాగే ఉంటాయి. చేతిలోకి తీసుకుంటే అంచులు గుండ్రంగా, పోత పోసినట్టు తెలుస్తాయి. వాటిని బాల్కనీకి దూరంగా ఉంచండి.

లెక్కకి వస్తే: 20 అడుగులకు 4 అడుగుల వెడల్పు గాజులు 5, ఒక్కో గాజుకు 4 స్టడ్లు, మొత్తం 20. రెండో మూడో అదనంగా తీసుకోండి. స్లాబు అంచును కప్పుతూ గాజు నాలుగున్నర అడుగుల ఎత్తు వస్తే, 12 మిల్లీమీటర్ల గాజు చదరపు మీటరుకు 30 కిలోల చొప్పున ఒక్కోటి 50 కిలోల బరువు ఉంటుంది. ఆ బరువు, పైగా తుపాను గాలి తోపు, అంతా ఆ నాలుగు బోల్టుల మీదే. కాబట్టి స్లాబు అంచులో ఇటుక, ప్లాస్టరింగు మీద కాకుండా కాంక్రీటులోకే కెమికల్ యాంకర్ (చిల్లులో రసాయన గమ్ము నింపి బిగించే బోల్టు) దిగాలి. బాల్కనీకి వట్టి టఫెన్డ్ కాకుండా 6+6 టఫెన్డ్ లామినేటెడ్ (రెండు 6 మిల్లీమీటర్ల గట్టిపరచిన గాజులు, మధ్యలో అంటించిన పొర) తీసుకోండి. పగిలినా ముక్కలు కింద వీధిలో పడవు. టఫెన్డ్ చేశాక గాజుకు చిల్లు వెయ్యడం కుదరదు, స్టడ్ల కొలతలు అంతకు ముందే ఖాయం కావాలి. పూర్తయిన ఫ్లోరు నుంచి ఎత్తు కనీసం 1 మీటరు ఉండాలి, మార్బుల్ మందం మర్చిపోయి కొలవకండి.

పని జరిగే వరస కూడా ఫినిష్‌ను పాడుచేస్తుంది. టైల్స్ పని అయ్యాక సిమెంటు మరకలకు యాసిడ్ కొట్టి కడుగుతారు కదా, దాని ఆవిరికే 316 కూడా ఒక్క రోజులో మసకబారుతుంది. యాసిడ్ పని పూర్తిగా అయ్యి, నీళ్లతో రెండు మూడు సార్లు కడిగాకే రెయిలింగ్ రానివ్వండి. గేటు పనివాళ్లు పక్కనే ఇనుము కోస్తుంటే ఆ నిప్పురవ్వలు స్టీలు మీద అతుక్కుని వారంలో తుప్పు చుక్కలవుతాయి. తుప్పు స్టీలుది కాదు, ఇనుము పొడిది. గాజు మీద పడితే అదీ గుంటలు పడుతుంది. ఇనుముకు వాడిన గ్రైండింగ్ వీలు, వైరు బ్రష్షు స్టీలుకు వాడనివ్వొద్దు.

వెల్డు చేసిన చోట నీలం, గోధుమ రంగులు తిరుగుతాయి. వాటిని పోగొట్టేది అందం కోసం కాదు, అక్కడ క్రోమియం తగ్గిపోయింది కాబట్టి మరక అక్కడే మొదలవుతుంది. 316కు 316ఎల్ ఫిల్లర్ రాడ్డుతో ఆర్గన్ వెల్డింగు చేయించి, ఆ రంగుల్ని తీసేసే పికిలింగ్ పేస్టు పూసి, నీళ్లతో బాగా కడిగించండి. ఆ పేస్టులో హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ ఉంటుంది. చేతికి తగిలితే ప్రమాదం, గాజుకు తగిలితే గాజును తినేస్తుంది. గ్లోవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. గాజు బిగించకముందే, వీలైతే వర్క్‌షాపులోనే ఆ పని అయిపోవాలి. పైపు అడుగు వైపున, గోడ పక్కన చెయ్యి దూరని చోట పాలిష్ చేయకుండా వదిలేసిన వెల్డు కోసం మొబైల్ లైటు వేసి వెతకండి.

సందులు నింపే సిలికాన్‌లో వెనిగర్ వాసన వస్తే వద్దు. ఆ ఆమ్లం లోహాన్నీ తింటుంది, లామినేటెడ్ గాజు మధ్య పొరనూ తెల్లబరుస్తుంది. న్యూట్రల్ సిలికాన్ అని అడగండి. అల్యూమినియం చానెల్‌కు స్టీలు బోల్టు నేరుగా తగలకుండా నైలాన్ వాషరు, బుష్షు ఉండాలి, లేదంటే ఉప్పు తడిలో బోల్టు బాగుండి అల్యూమినియం తినేయబడుతుంది. చానెల్ అడుగున నీళ్లు పోయే చిల్లులు ఉన్నాయా చూడండి. లేకపోతే గాజు అడుగు అంచు ఎప్పుడూ నీళ్లలో నానుతుంది. స్టీలు మీద అంటించి వచ్చే ప్లాస్టిక్ ఫిల్మును గృహప్రవేశం దాకా ఉంచుకుంటారు కొందరు. ఎండకు అది కరుచుకుపోతుంది, అంచుల్లో ఉప్పు దూరుతుంది. పని అయిన వారంలోపే పీకేయండి.

కడగడం పెద్ద పనేమీ కాదు. నెలకోసారి మంచినీళ్లు, నాలుగు చుక్కల గిన్నెల సబ్బు, మెత్తటి గుడ్డ. ఆఖర్న మళ్లీ మంచినీళ్లతో కడిగి తుడవాలి. మీ వైపు బోరు నీళ్లు ఉప్పగా ఉంటే వాటితో కడిగితే ఉప్పు మీద ఉప్పు పూసినట్టే, తాగే నీళ్లు ఒక బకెట్టు చాలు. వాన తగిలే భాగం కంటే వాన తగలని భాగమే ముందు పాడవుతుంది. పైపు అడుగు, స్టడ్డు బిళ్ల వెనక, పై స్లాబు నీడలో ఉండే చోట్లు, గుడ్డ అక్కడికి తప్పకుండా వెళ్లాలి. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పటిలాంటి గాలివాన వస్తే, కరెంటు వచ్చే దాకా ఆగకుండా ఒకట్రెండు రోజుల్లోనే రెయిలింగ్ మీద ఉప్పు కడిగేయండి. బ్లీచింగు, బాత్‌రూమ్ యాసిడ్, గిన్నెలు తోమే స్టీలు పీచు మాత్రం దగ్గరికి రానివ్వకండి. మరక కనిపిస్తే స్టెయిన్‌లెస్ క్లీనరు నైలాన్ ప్యాడ్‌తో గీత వెంటే రుద్దాలి. మెట్ల దగ్గరి పీవీడీకి అదీ వద్దు, తడి గుడ్డే.

బిల్లు మీద "ఎస్.ఎస్. రెయిలింగ్, రన్నింగ్ ఫీటు ఇంత" అని రాసి ఇస్తే ఒప్పుకోకండి. పైపు 316, రెండంగుళాలు, గోడ మందం 2 మిల్లీమీటర్లు, స్టడ్లు 316, బోల్టులు ఎ4, ఫినిష్ 320 గ్రిట్ శాటిన్, గాజు 6+6 టఫెన్డ్ లామినేటెడ్, సిలికాన్ న్యూట్రల్ అని వరసగా రాయించండి. స్టీలు ఫ్యాక్టరీ ఇచ్చే మిల్లు టెస్టు సర్టిఫికెట్టు మీది హీట్ నంబరు (ఆ స్టీలు కరిగించిన బ్యాచి నంబరు), పైపు మీద ముద్రించిన నంబరు ఒకటేనా చూసి, పైపు కోయకముందే ఫోటో తీసి పెట్టుకోండి. కోసి పాలిష్ పట్టాక ఆ ముద్ర ఉండదు. మెట్లకు పీవీడీ తీసుకుంటే అదే బ్యాచిలో రెండు స్టడ్లు, అడుగున్నర పైపు అదనంగా చేయించి అటక మీద దాచండి. నాలుగేళ్ల తర్వాత ఒక్క బిళ్ల పోయినా ఆ రోజ్ గోల్డు మళ్లీ దొరకదు.